మీదికెళ్లి వచ్చిన వేడి

ఆదిలాబాద్ నుంచి తిరిగొచ్చి పన్నెండు రోజులైంది. ఇప్పటికీ పొద్దున టీ గ్లాసు ముందు పెడితే తాగడం మానేసి, ఆవిరి ఎటు పోతోందోనని వంగి చూస్తున్నాను. పైకే పోతోంది. "పైకి పోక పక్కింటికి పోతదా?" అంటుంది మా ఆవిడ. ఆమెకు తెలియదు. వేడి పక్కకు పోవడం నేను నా కళ్లతో చూసి వచ్చాను. ఆ అదురు ఇంకా దిగలేదు.

కరీంనగర్

ముప్పై రెండేళ్లు ఇక్కడి కాలేజీలో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. ఒక గైడు కూడా రాశాను. అందులో నలభై ఒకటో పేజీలో "వేడెక్కిన ద్రవం ఎల్లప్పుడూ పైకి పోవును" అని ఉంటుంది. "ఎల్లప్పుడూ" కింద గీత కూడా కొట్టించాను. వేడి ద్రవం అలా కదలడాన్ని సంవహనం అంటారు. అన్నేళ్లు సంవహనం చెప్పినవాడికి చివరికి సొంత వాహనం లేదు. అందుకే ఎర్ర బస్సు ఎక్కాను.

ఎక్కించింది గంగామణి. పదిహేనేళ్ల కింద నా క్లాసులో రెండో బెంచీ. సంవహనం పాఠం నడుస్తుంటే ఒకరోజు లేచి నిలబడి, "సార్, పైకి అంటే ఎటు? బరువే లేని కాడ పైన, కింద ఉండయి గద, మరి వేడి ఎటు పోతది?" అని అడిగింది. నాకు తెలియదు. తెలియదని చెప్పడం అంతకంటే తెలియదు. "పరీక్షలో రాదు, కూర్చో" అన్నాను.

ఆమె కూర్చోలేదని ఈ మధ్యే తెలిసింది. ఇప్పుడు ఆదిలాబాద్‌లో గెస్ట్ లెక్చరర్. గెస్టు అంటే అతిథి అనుకునేరు, క్లాసు చెప్పిన రోజుకే జీతం. అధ్యాపకులు తయారుచేసిన ప్రయోగాల్లో కొన్నింటిని రాకెట్లో పంపుతామని ఎక్కడో ప్రకటన పడింది. ఆ రాకెట్లో కొన్ని నిమిషాలు బరువుండదు. బరువు లేని చోట గుండ్రంగా తిప్పి, తిరుగుడుతోనే ఒక దొంగ బరువు పుట్టించి, అందులో వేడి నీళ్లు ఎటు పోతాయో చూడాలని గంగామణి ఆలోచన. దాన్ని కృత్రిమ గురుత్వం అంటారు. ఆ మాట ఫోనులో వినగానే నన్నే అంటోందనుకున్నాను. గురువు కాకుండానే గురుత్వం నడిపించినవాణ్ని కదా.

పరికరం పనిచేస్తుందని చూపే వీడియో శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు పంపాలి. తిరిగే పళ్లెం సిరిసిల్లలో తయారవుతోంది. సెలవు పెడితే జీతం పోతుంది గనుక ఆమె రాలేదు. పైగా ఇంతకుముందు చేసిన ప్రయోగంలో ఆమె ఫోను కెమెరా పగిలింది. "సార్, మీరు జర పళ్లెం తీస్కొని రావాలె. మీ ఫోను సుత" అంది. నా ఫోను కొని నెల కాలేదు. ఆ సంగతి పదిహేనేళ్ల నాటి "కూర్చో" ముందు చెప్పలేకపోయాను.

పళ్లెం ఎలా చేయాలో ఆమె రాసిన కాగితం ముందు నా దగ్గరికే వచ్చింది, ఒకసారి చూసి సిరిసిల్లకు పంపమని. ఎర్ర కలం దొరికితే దిద్దకుండా ఉండలేని జబ్బు నాది. పద్నాలుగు చోట్ల దిద్ది, శుభ్రమైన పుస్తక భాషలో తిరగరాసి పంపాను.

సిరిసిల్ల

బుధవారం పదిన్నరకు దిగాను. రాజేశం షెడ్డుకు దారి అడగనక్కర్లేదు, మగ్గాల చప్పుడు ఎక్కువయ్యే వైపు నడిస్తే చాలు. ఆయన పవర్‌లూమ్ మెకానిక్. ఎనిమిది మగ్గాల మధ్య నిలబడి నాతో మామూలుగా మాట్లాడాడు. నేను మాత్రం అరిచాను, ఆయనకు వినపడలేదు. ముప్పై రెండేళ్ల క్లాసుల్లో కూడా ఇదే జరిగిందేమోనని అనుమానం వచ్చింది.

నూలు కండెలు చుట్టే మిషను మోటారు ఊడదీసి దానిమీద చెక్క పళ్లెం బిగించాడు. పళ్లెం మీద ఎదురెదురుగా రెండు గాజు సీసాలు పడుకుని ఉన్నాయి, అడుగులు మధ్యకు, మూతులు బయటికి. రెండింట్లోనూ నీళ్లు, ఆ నీళ్లలో ముగ్గుల్లో చల్లే వెండి చమ్కీ. ఒక సీసాలో ఇస్త్రీపెట్టె తీగె ముక్క, అది వేడెక్కడానికి బ్యాటరీ. రెండో సీసా ఊరికే, బరువు సరిపోవడానికి. సీసా మెడ ఎంత సన్నమో చెక్కలో గాడి అంత సన్నంగా చెక్కాడు. అంతా కలిపి మూతున్న పెట్టెలో అమర్చి ఇచ్చాడు.

"మీరు రాసినట్టే చేసిన సార్. అచ్చరం తప్పలే" అన్నాడు రాజేశం. నేను పొంగిపోయాను.

కండెలు చుడుతున్న ఆయన భార్య లచ్చవ్వ, "గిది తిరిగితె దినాం ఎన్ని కండెలైతయి సారూ?" అని అడిగింది.

"ఒక్కటీ కాదమ్మా."

"మరి ఉత్తగ తిప్పుడేంది?"

రాజేశం నవ్వి, "గీయన మోటరుతోని తిప్పుతుండు. మనల్ని సేటు మోటరు లేకుంటనే తిప్పుతుండు, కూలి పెంచుమంటె" అన్నాడు. టీ వచ్చింది, ఏడు రూపాయలది. మా కాలేజీ ముందు పది. పల్చగా ఉన్నా వేడిగా ఉంది, ఆవిరి పైకే పోయింది.

వేములవాడ

రాత్రి సత్రంలో పడుకుని గురువారం పొద్దున దర్శనానికి వెళ్లాను. ఇక్కడ కోడె మొక్కు ఉంది. మొక్కుకున్నవాళ్లు కోడె పగ్గం పట్టుకుని గుడి చుట్టూ తిరగాలి. ఈ ఊరికి ఇంత దగ్గరలో ఉండి ఎప్పుడూ పట్టలేదు. నలభై కిలోమీటర్ల నుంచి నాస్తికత్వం తేలిక, పగ్గం చేతిలో పెట్టాక కష్టం.

మొదటి మూల దాకా బాగానే నడిచాం. మూల తిరిగేసరికి కోడెకు ఏదో గుర్తొచ్చి ఉరికింది. పగ్గం వదలకపోవడం నా తప్పు. కోడె లోపలి వైపు చిన్న వలయం తిరిగితే నేను బయటి వైపు పెద్ద వలయం తిరిగాను. చెప్పులు లేని కాళ్లు బండల మీద జారుతుంటే ఎవరో చేత్తో బయటికి గుంజుతున్నట్టు అనిపించింది. ఈ గుంజుడు గురించి బోర్డు మీద బాణం గుర్తు గీసి ఎన్నో ఏళ్లు చెప్పాను. అది నిజంగా ఉంటుందని ఆ పొద్దున తెలిసింది.

వెనక వస్తున్న పెద్దాయన నన్ను నిలబెట్టి, "కోడె లోపటికెళ్లి పోతుంటె మీరు బయటికెళ్లి ఉరుకుతున్రేంది సారూ? దగ్గరికి పట్టుకోవాలె" అన్నాడు. "లోపటికెళ్లి కాదు, లోపలి నుంచి" అని మనసులోనే దిద్దాను. చూశారా, మోకాలు దోక్కుపోయినా జబ్బు పోలేదు.

కోరుట్ల బస్టాండు

బస్సెక్కేటప్పుడు కండక్టరును ఎలా పోతుందని అడిగితే "కోరుట్ల మీదికెళ్లి" అంది. "మీదుగా" అన్నాను, ఈసారి పైకే. ఆమె నన్నూ, నా ఒళ్లో పెట్టెనూ చూసి, "మీరు ఎట్లంటె అట్లనే పోతది, కూసోండి" అంది.

ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్ లేదు, పైసలు లేని కాగితం చింపి ఇస్తారు. దాన్నే జీరో టికెట్ అంటారు. బస్సులో ముప్పావు వంతు మంది చేతుల్లో జీరో టికెట్. జీరో బరువు చూడబోతున్న నాకు మాత్రం ఫుల్ టికెట్, పెట్టెకు అదనం.

కోరుట్లలో నిర్మల్ బస్సు కోసం రెండు గంటలు నిలబడ్డాను. పక్కన నైలాన్ తాడుతో బిగించిన అట్టపెట్టె మీద కూర్చుని ఒకాయన మిర్చి తింటున్నాడు. దుబాయ్ నుంచి ఆ పొద్దునే దిగాడట. నా పెట్టె, ఆయన పెట్టె ఒకే సైజు. నాకో మిర్చి ఇచ్చి, "పెట్టెల ఏంది సార్?" అన్నాడు. చెప్పాను. పెట్టె పై నుంచి కింద పడుతున్నంతసేపు లోపలి నీళ్లకు బరువుండదని, అన్నీ కలిసి పడుతుంటే దేని మీదా ఏదీ ఆనదని. గైడులో ఇది పేజీన్నర.

"గదంత నాకెర్కనే" అన్నాడాయన. "అక్కడ లిఫ్టుల పనే నాది. బర్రున దిగుతుంటె కడుపుల ఏమి లేనట్టైతది. పడ్డంతసేపు బరువుండది సార్. ఆగినంకనే తెలుస్తది ఎంతున్నదో."

పేజీన్నర రెండు ముక్కల్లో అయిపోయింది. ఆయన ఆరేళ్ల తర్వాత ఇంటికి పోతున్నాడని తర్వాత చెప్పాడు. మిగిలిన మిర్చి నా చేతిలోనే ఉండిపోయింది.

నిర్మల్ దాటాక

ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే చలి కిటికీ సందుల్లోంచి చేతులు పెట్టింది. కరీంనగర్ చలికి కొన్న స్వెటర్ ఇక్కడ జేబు దస్తీకి ఎక్కువ, స్వెటర్‌కు తక్కువ. సంచిలో కొబ్బరినూనె సీసా గడ్డకట్టి రాయి అయింది.

ఆదిలాబాద్‌లో దిగేసరికి సాయంత్రం. గంగామణి శాలువా తెచ్చింది, చూడగానే కప్పింది. సన్మానం అనుకుందామనుకున్నాను, పళ్లు టకటకలాడుతుంటే కుదరలేదు. వాళ్లింట్లో జొన్నరొట్టె, శనగపిండితో చేసే పిట్ల, పచ్చిమిరపకాయలు దంచిన ఠేచా. ఠేచా పచ్చడి అనుకుని పచ్చడంత వేసుకున్నాను. వేడి ఎల్లప్పుడూ పైకి పోవుననడానికి ఆ రాత్రి నా నడినెత్తే సాక్ష్యం.

నేను తేరుకున్నాక ఆమె తన పగిలిన ఫోనులో పాత వీడియో చూపించింది. తిరగని పెట్టె, ఊరికే కింద పడుతున్నది. లోపల తీగె వేడెక్కింది. చుట్టూ నీళ్లు కదల్లేదు. పైకి లేదు, కిందికి లేదు. వేడి ఎక్కడ పుట్టిందో అక్కడే, దారి తెలియని చుట్టంలా నిలబడిపోయింది. మూడుసార్లు చూశాను. నలభై ఒకటో పేజీ నా కళ్ల ముందే చిరిగింది.

"ఇగ రేపు తిప్పుతం సార్. అప్పుడు దానికి దారి దొరుకుతది" అంది గంగామణి. "ముందు బల్ల మీద సీసా నిలబెట్టి మూతి కాడ కాక పెడితె, కాక మీదనే ఉంటది, నీళ్లు కదలయి. గదే సీసా పెట్టెల తిరుగుతుంటె, మూతి కాడి కాక అడుగు దిక్కు ఉరుకాలె. గదొక్కటి పడితె చాలు. ఈ ఏడాది నన్ను తీస్కుంటరో లేదో కాలేజీల. రాకెట్ల నా సీసా పోయిందనుకో, ఎవల్నీ అడిగేది లేదు."

దూది గుట్ట

పెట్టెను పైనుంచి వదలాలంటే కింద మెత్తగా ఉండాలి. ఆదిలాబాద్‌లో ఈ కాలంలో మెత్తనిదానికి కొదవ లేదు. జిన్నింగు మిల్లు ఆవరణలో పత్తి గుట్టలు ఇళ్లంత ఎత్తు. నీళ్ల ట్యాంకు ఇనుప మంచె మూడంతస్తులుంటుంది, దాని కాళ్ల దగ్గరే ఒక గుట్ట. లెక్కలు చూసే మిల్లు మునీము ఒకటే షరతు పెట్టాడు, "పన్నెండింటికి గీ కుప్ప మిషన్ల పోతది. గా లోపట ఒక్కసారి ఏస్కోండి. నిప్పు ముచ్చట లేదు గద?" లేదని దండం పెట్టాం.

పదకొండు దాటింది. పత్తి ఎత్తే ఆడవాళ్లలో పెద్దావిడను గంగామణి మావ్షి అని పిలుస్తుంది. అక్కడ పిన్నిని అలా అంటారట, మరాఠీ మాట. మావ్షి చూస్తుండగా గంగామణి పెట్టె మూత తీసింది.

"సార్, తీగె అడుగుకున్నదేంది?"

"అక్కడే ఉండాలి కదమ్మా?"

"మూతి కాడ ఉండాలె. అడుగంటె పళ్లెం నడిమిట్లకు వస్తది. తిరుగుతుంటె అంచే కింద, నడుమే మీద. నడిమిట్ల కాక పుడితె అది ఏడికి పోదు సార్. అక్కడనే కూసుంటది."

రాజేశానికి ఫోను కలిపాం. మగ్గాల చప్పుడులోంచి ఆయన గొంతు స్పష్టంగా వచ్చింది. "సార్ రాసిందే చేసిన మేడం. 'వేడి పైకి వెళ్లి రావాలి' అని రాసున్నది. కింద కాక పెడితేనె గద పైకి పోయేది? అందుకే అడుగుకు పెట్టి జిగురుతోని సీల్ చేసిన. ఇగ రాదది."

గంగామణి నా వైపు తిరిగింది. "నేను 'మీదికెళ్లి రావాలె' అని రాసిన సార్."

చిన్నప్పుడు జామచెట్టు నుంచి పడితే మా అవ్వ వీధంతా వినపడేలా "చెట్టు మీదికెళ్లి పడ్డడు" అని అరిచింది. మీదికెళ్లి అంటే పైనుంచి. పాలతో పాటు తాగిన మాట. ఎర్ర కలం పట్టుకోగానే నాకు అది 'మీదికి వెళ్లి' అని కనబడింది, దాన్ని 'పైకి వెళ్లి' అని శుభ్రం చేశాను. పైనుంచి రావలసిన వేడిని ఒక్క గీతతో అడుగుకు తోశాను. పద్నాలుగు దిద్దుబాట్లలో అదొకటి. మిగతా పదమూడు ఏం చేశాయో తలుచుకునే ధైర్యం లేక పత్తి బస్తా మీద కూలబడ్డాను. పడ్డంతసేపు బరువు తెలియలేదు. ఆగాక తెలిసింది.

గంగామణి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మిల్లు గోడ మీది గడియారం చూసి చున్నీ కొస వేలికి చుడుతూ నిలబడింది.

"ఏమైందే మణీ? గీ సారు మొకం గట్ల ఏస్కున్నడేంది?" అంది మావ్షి.

"బుడ్డిల కాక మీద పెట్టేది కింద పెట్టిన్రు మావ్షీ."

"అయితె బుడ్డిని ఉల్టా పెట్టు."

"అట్లా కుదరదమ్మా" అని నేను లేచాను. "సీసా అడుగు ఎప్పుడూ కిందికే..." అని చెప్పబోయి ఆగాను. నేను ఆగేలోపే గంగామణి నవ్వడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత నడుం పట్టుకుని.

"మావ్షి చెప్పినట్టు తిప్పేద్దాం సార్! మూతి నడిమిట్లకు, అడుగు బయటికి. బల్ల మీద సుత తలకిందుల నిలబెడితె కాక మీదనే అయితది. సీల్ ఉన్నది గద, నీళ్లు కారయి. దానికి ఏ దిక్కైతె ఏంది!"

దానికి ఏ దిక్కైనా ఒకటే, గాడికి మాత్రం కాదు. మెడ సైజుకు చెక్కిన గాడిలో సీసా అడుగు దూరదు. మావ్షి పాత చీర చింపి పీలికలు చేసింది. సీసాల చుట్టూ పచ్చి పత్తి కూరి పీలికలతో బిగించారు. చేత్తో తిప్పి చూస్తే పళ్లెం ఒక పక్కకు కొట్టుకుంటోంది. మావ్షి చెవి దగ్గర పెట్టి విని, "గీ దిక్కు తక్కువున్నది" అని రెండో సీసా పక్కన పత్తిలో గింజలు కూరింది. చిటికెడు, మళ్లీ చిటికెడు, ఒకటి తీసేసింది. కొట్టుకోవడం ఆగింది. నలభై ఏళ్లుగా గింజనూ దూదినీ విడదీసే చేతులు అవి. నేను తరాజు ఉందా అని అడగబోయి నోరు మూసుకున్నాను.

బల్ల మీద తలకిందుల సీసా వీడియో తీశాం. నీళ్లు కదల్లేదు, బాగుంది. సీసాను మళ్లీ బిగించి, ఆమె నా ఫోనును పళ్లెం మీద కట్టింది, నేను చూడనట్టు తల తిప్పుకున్నాను. పన్నెండుకు పది నిమిషాలు. పెట్టె మంచె మీదికి చేరింది. మోటారు తిరుగుతుండగా అయిదు నిమిషాలు ఆగాం, లోపలి నీళ్లు కూడా పళ్లెంతో కలిసి తిరగాలి గనుక. పైన గంగామణి చేతిలో కత్తెర. తాడు తెగగానే తీగె దానంతటదే వేడెక్కుతుంది.

"లెక్కపెట్టున్రి సార్!"

"ఒకటీ" అన్నాను. దీర్ఘం పూర్తి కాలేదు. పెట్టె పత్తిలో మునిగిపోయింది, చప్పుడు కూడా రాలేదు.

ఆడవాళ్లంతా గుట్ట ఎక్కి చేతులతో తవ్వారు. పెట్టె దొరికింది. ఫోను దొరికింది, బతికే ఉంది. గుట్ట మీదే కూర్చుని, నెమ్మదిగా నడిచేలా చేసి చూశాం. నా భుజాల మీద ఎనిమిది తలలు.

వేడెక్కిన తీగె చుట్టూ చమ్కీ ఒక్క క్షణం వణికింది. తర్వాత కదిలింది. పక్కకు పడుకున్న సీసాలో అడుగు నుంచి మూతి వైపు, పళ్లెం మధ్యకు, వెండి తాడు ఒకటి పాకింది. నేరుగా కాదు, తిరుగుడుకు కొద్దిగా వంగుతూ. పైకి కాదు, కిందికి కాదు. పక్కకు. మనిషి చేసిన దొంగ బరువును నీళ్లు నిజమని నమ్మాయి, దాన్నిబట్టి పైన ఏదో కింద ఏదో తేల్చుకుని, వేడిని దారిలో పెట్టాయి.

"నీళ్లేనానే గవి?" అంది మావ్షి గుండె మీద చెయ్యి పెట్టుకుని.

ముప్పై రెండేళ్లు బోర్డు మీద పైకి గీసిన బాణాలన్నీ ఒక్కసారి అడ్డం తిరిగినట్టయింది. ఫోను జారి మళ్లీ పత్తిలో పడింది.

గంగామణి దాన్ని తీసి తుడిచి నా చేతిలో పెట్టింది. కళ్లు తడిగా ఉన్నాయి గానీ గొంతులో అల్లరి. "పోనీ తియ్యున్రి సార్. పరీక్షల రాదు గద."

రెండున్నరకు వీడియో పంపాం.

తిరుగు దారి

శనివారం తిరుగు బస్సులో పక్కసీటు ఆయన ఎట్ల పోతారని అడిగాడు. "కోరుట్ల మీదికెళ్లి" అన్నాను. ఆయనకు అందులో విశేషమేమీ కనబడలేదు, పడుకున్నాడు. నేను మాత్రం జగిత్యాల జిల్లా అంతా ఆ మాటను నోట్లో తిప్పుకుంటూ వచ్చాను.

నాలుగు రోజుల కింద గంగామణి ఫోను చేసింది. సీసాను రాకెట్లోకి తీసుకున్నారట. పరికరం గురించి అచ్చులో వేయడానికి ఒక పేజీ వివరణ అడిగారట. "మీరే రాయున్రి సార్. దిద్దుడు మాత్రం నేను దిద్దుత" అంది.

రెండు రోజులు కష్టపడి రాశాను. తీగె స్థానం గురించి రాసేటప్పుడు బొమ్మ కూడా వేశాను. నిన్న పంపాను, ఈ పొద్దున ఫోటో తీసి తిప్పి పంపింది. ఎర్ర సిరా. దాదాపు అంతా బాగానే ఉంది. ఒక్కచోట అలవాటు కొద్దీ "వేడి నీరు పైకి పోయి" అని రాశాను. ఆమె "పైకి" చుట్టూ సున్నా చుట్టి, అంచులో చిన్న అక్షరాలతో రాసింది.

"పైకి అంటే ఎటు, సార్?"

టీ పక్కన పెట్టి, ఈసారి నేనే కూర్చున్నాను.